పెద్దబడిలో మొదటిరోజు

“మాస్టారూ, ఆరో తరగతిలో ఒక పిల్ల కనబడట్లేదండీ!”

హిందీ చెప్పే నసీమున్నీసా టీచర్ స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి ఆ మాట అనేసరికి లెక్కల జయరావు మాస్టారి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఏ పిల్ల అని ఆయన అడగలేదు. ఆయనకి తెలిసిపోయింది.

బళ్ళు తెరిచిన మొదటిరోజు అది. చుట్టుపక్కల ఊళ్ళలో ఐదు పూర్తిచేసి హైస్కూల్లో కొత్తగా చేరిన పిల్లలకి ఎంత వచ్చో చూద్దామని, మొదటి పీరియడ్‌లోనే ఆయన బోర్డు మీద లెక్క వేశారు. సగానికి మూడోవంతు కలిపితే ఎంత? మూల బెంచీలో ఎర్ర సంచీ పిల్లని లేపారు. పేరు దీప్తి.

“రెండు బై ఐదు సార్!” అంది ధీమాగా.

అంతే, మాస్టారికి తిక్క రేగింది. పైదీ పైదీ, కిందదీ కిందదీ కలిపేయడమా!

“ఎవరమ్మా నిన్ను ఐదు గట్టెక్కించింది? ఏ ఊరు మీది?”

“కాలవ అవతల పల్లె సార్. మా బడిలో ఐదు క్లాసులకీ ఒకటే గది, ఒకే సారు.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. మాస్టారికి ఇంకా మండింది.

“అయితే ఆ గదికే పో! ఇంత వయసొచ్చినా భిన్నాలు రానివాళ్ళకి ఇక్కడ పనిలేదు.”

గంట కొట్టారు. ఆయన చాక్‌పీసు బల్ల మీద విసిరేసి బయటికి నడిచారు. వెనకనుంచి ఒక్క గొంతు వినబడింది.

“వెళ్ళొస్తాను సార్!”

ఆయన తిరిగి కూడా చూడలేదు.

ఇప్పుడు చెవుల్లో అదే మాట. పొమ్మన్నది తను. వెళ్ళొస్తానంది ఆ పిల్ల.

“నేను వెళ్ళేసరికే లేదండీ. నీళ్ళు తాగడానికి వెళ్ళిందేమో అనుకున్నాను. నా పీరియడ్ అయిపోయినా రాలేదు,” అంది నసీమున్నీసా టీచర్.

ఇద్దరూ క్లాసుకి పరుగెత్తారు. మూల బెంచీ ఖాళీ. ఎర్ర సంచీ లేదు. బోర్డు మీద లెక్కా లేదు.

“ఆ అమ్మాయే తుడిచేసిందండీ,” అంది ముందు బెంచీ పిల్ల. “కిటికీ రెక్కలు కూడా మూసింది. ఎందుకే అంటే అదోలా చూసి వెళ్ళిపోయింది.”

మాస్టారు ఖాళీ బోర్డు వంక చూశారు. అయ్యో, ఎంత అవమానపడితే ఆ లెక్క కంటికి కనబడకుండా తుడిచేసి ఉంటుంది! ఈ పాడు నోరు ఎప్పుడో కొంప ముంచుతుందని భార్య చెబుతూనే ఉంది. విన్నారా? వినలేదు.

దీప్తి తండ్రి ఆదెయ్యకి ఫోన్ చేశారు.

“ఇంటికి రాలేదు సారూ! ఇంటికాడే ఉన్నాగా నేను!” అవతల ఆదెయ్య అరిచాడు. “ఏమన్నారు నా బిడ్డని? ఐదుతో ఆపేసి పత్తి చేలోకి తీసకపోదామనుకున్నా. పెద్దబడికి పోతానని రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చింది సారూ! అసలే తాగునీళ్ళకని కాలవ వదిలారు. నిండుగా పారతా ఉంది!”

మాస్టారు ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయి స్కూటర్ ఎక్కారు.

కాలవ కట్ట మీద గేదెలు మేపుకుంటున్న ముసలాయన్ని అడిగారు.

“ఎర్ర సంచీ పిల్లేనా? ఇట్టాగే పోయింది. ఎవరమ్మాయివే అంటే పలకలా. నీళ్ళకేసి చూసుకుంటా పోయింది.”

మాస్టారు స్కూటర్ ముందుకి దూకించారు. దేవుడా, ఆ పిల్ల బతికుంటే చాలు, జన్మలో ఇంకెవర్నీ పల్లెత్తు మాట అనను అనుకున్నారు.

తూము దగ్గర మెట్ల మీద చిన్న చెప్పులు కనబడ్డాయి. పక్కనే ఎర్ర సంచీ. కింద నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

“దీప్తీ!”

నీళ్ళ హోరులో ఆ పిలుపు కలిసిపోయింది. అవతలి గట్టునుంచి ఆదెయ్య తూము మీదుగా పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు చూశాడు. మాస్టారి చొక్కా పట్టేసుకున్నాడు.

“నా బిడ్డకేమన్నా అయ్యిందో, నిన్నూ ఇందులోనే తోసేస్తా!”

“తోసెయ్, ఆదెయ్యా,” అన్నారు మాస్టారు. విడిపించుకోవాలని కూడా అనిపించలేదు ఆయనకి.

“నాన్నా!”

తూము గోడ చాటు మెట్టు మీదనుంచి దీప్తి లేచి నిలబడింది. చేతిలో కడిగిన టిఫిన్ బాక్సు. దాంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆదెయ్య చొక్కా వదిలేసి కూతుర్ని వాటేసుకున్నాడు. ఆ వెంటనే వీపు మీద ఒక్కటిచ్చాడు. మళ్ళీ వాటేసుకుని భోరుమన్నాడు. మాస్టారు మెట్ల మీదే కూలబడ్డారు.

“తప్పు నాదేనమ్మా. కోపంలో ఏదో అనేశాను. దానికి బడి మానేస్తావా? నీకు భిన్నాలు నేను నేర్పుతాగా!”

దీప్తి తండ్రి వంకా మాస్టారి వంకా మార్చి మార్చి చూసింది.

“తిట్టినందుకా సార్? మా పాత సారు రోజూ ఇంకా ఎక్కువ తిట్టేవాళ్ళు.”

“మరి ఎందుకొచ్చేశావు తల్లీ?”

ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

“మా బడిలో లాగే బోర్డు తుడిచి, కిటికీలు మూసే వచ్చాను సార్. గంట కొట్టారు, మీరు వెళ్ళిపోయారు, మరి బడి వదిలేసినట్టే కదా సార్?”