గాయపడ్డవాళ్ల జాబితా

"ఆ నలుగుర్నీ ఎవడు పట్టించాడు?" జెరూషా బల్ల మీద చరిచింది.

సహాయ సంస్థ కలకత్తా ఆఫీసులో, శిబిరానికి మందులు పంపే జీవానందం ఒక్కడే ఉన్నాడు. అక్కడి అలవాటుకొద్దీ ఆమె అతన్ని అన్నా అన్నట్టు దాదా అంటుంది. ఆమె అడవి పల్లెల్లోని వైద్య శిబిరం నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. అక్కడ అధికార పార్టీవాళ్లకూ నక్సలైట్ల దళాలకూ మధ్య కాల్పులు జరుగుతున్నాయి. తూటాలు తగిలిన నలుగురికి నర్సుగా ఆమే కట్లు కట్టింది. వారం తిరక్కుండా పోలీసులు వాళ్లను దళం మనుషులంటూ ఇళ్లలోంచి ఎత్తుకుపోయారు.

"ఊళ్లోవాడే చెప్పుంటాడు దాదా. ఆడెవడో తెలిస్తే నాను ఊరుకోను. ఆడు మనిషేనా?"

జీవానందం చేతిలో కలం మూసి పక్కన పెట్టాడు.

"మన మందుల లారీని నెల నుంచీ ఎవరూ ఆపట్లేదు. ఎందుకనుకున్నావమ్మా?"

"ఎందుకేటి?"

"నువ్వు పంపే రోగుల జాబితా ఠాణాకిస్తున్నాను. ఇవ్వకపోతే లారీ కదల్నివ్వరు. అక్కడ పిల్లలు విరేచనాలతో చచ్చిపోతున్నారు. నన్నేటి చెయ్యమంటావు?"

జెరూషా అతని కాలరు పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రాసేదానివా?"

ఆమె చెయ్యి జారిపోయింది. పేరు, ఊరు, గాయం ఎక్కడ తగిలిందీ, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది తనే.

మర్నాడు లారీ లేకుండా, భుజాన మోయగలిగినన్ని మందులతో బస్సులో శిబిరానికి వెళ్లింది. చేతికి నెత్తుటి గుడ్డ చుట్టుకున్న ముసలామె, అలవాటు ప్రకారం, ముందు తన పేరు చెప్పబోయింది.

జెరూషా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు మాసీ. నాకు చెప్పకు."