మూల కంప్యూటర్‌లో పుష్పలత

పుష్పలతను రెండోసారి చంపింది జావీదే. ఇందులో గోపాలుకు అనుమానం లేదు.

“ఏడ వోయింది?” అన్నాడు నెట్ సెంటర్‌లో ఓ మూలనున్న కంప్యూటర్ ముందు నిలబడి.

తెర మీద ఆమె పేరు ఉండాల్సిన చోట రెండు ఖాళీ గడులు ఉన్నాయి. ఒకటి పేరుకు, ఒకటి పాస్‌వర్డ్‌కు.

“పోయిందన్నా,” అన్నాడు ఆ సెంటర్ నడిపే జావీద్. “కూసో. చాయ్ తెప్పిస్త.”

“నీ చాయ్ నీ నెత్తిన వోసుకో. నా పెండ్లాం పేరేది?”

గోపాలు ఫారెస్టు వాచర్. పోయిన వానాకాలం గోదావరి పొంగిన రోజుల్లో అతని భార్య పుష్పలత బట్టలుతకడానికి రేవుకు పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఇంకొన్నాళ్లు చూద్దామని పోలీసులు అన్నారు. గోపాలు చూడలేదు. అడవిలో అడుగు చూసి దుప్పి ఎటు పోయిందో, ఎంతసేపైందో చెప్పే మనిషి అతను. రేవు బురదలో ఆమె అడుగులు నీళ్లలోకి పోయాయి. ఒడ్డు పొడవునా వెతికాడు. బయటికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. దినాలు చేసేశాడు.

పెళ్లి ఫోటోను చెదలు తిన్నాయి. ఆమెదంటూ మిగిలింది మణుగూరు బస్టాండు ఎదుట ఉన్న ఈ నెట్ సెంటర్‌లోనే. కంప్యూటర్‌లో లెక్కలు రాయడం నేర్పే పాఠాలు ఆమె ఇక్కడే కూర్చుని చదివేది. ఈ కంప్యూటర్‌లో మిమ్మల్ని గుర్తుపెట్టుకోమంటారా అని పాఠాల సైటు అడిగితే అవునని నొక్కిందట. అప్పటి నుంచి సైటు తెరిస్తే చాలు, పుష్పలత అని పేరు పెట్టి పలకరించేది. చదివిన పాఠాలు వరసగా చూపించేది. ఆఖరి పాఠం పక్కన తేదీ ఉండేది.

గోపాలుకు ఇంగ్లిషు రాదు. అంకెలు వచ్చు. ప్రతి శనివారం వచ్చి ఆ తేదీ మీద వేలు పెట్టి కాసేపు కూర్చునేవాడు. అది గోదావరి పొంగడానికి ముందటి తేదీ. మిగతా రోజుల్లో జావీద్ ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచేవాడు. ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఇన్నాళ్లూ అంత మర్యాదగా ఉన్నవాడు ఈ పని చేశాడు.

“పొద్దున నువ్వొస్తవని తెరిచిన. మీ గుర్తులు ఈ కంప్యూటర్ల ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని సైటోళ్లు అడిగిండ్రు.”

“నువ్వేమన్నవ్?”

“వద్దన్న.”

“చెయ్యి జారిందా?”

“లే. చూసే నొక్కిన.”

గోపాలు కళ్లు చిన్నవయ్యాయి.

“వాటిని కుకీలంటరన్నా,” అన్నాడు జావీద్ కిందికి చూస్తూ. “మనం ఏడ తిరిగినమో, ఏం చదివినమో సైటు దాచుకునే అడుగుల లెక్క. ఎవరి చదువు వాళ్ల చాటున ఉండాలె. గిట్ల బజార్ల ఉండొద్దు.”

“సచ్చినదానికి చాటేందిరా?”

జావీద్ కంప్యూటర్ మీద కప్పే గుడ్డ మడతపెట్టసాగాడు.

“అడుగుల సంగతి నాకు చెప్తున్నవా? అడివిల అడుగులు తుడిసేటోన్ని ఏమంటరో ఎరుకనా? దొంగ అంటరు. మళ్ల తే దాన్ని.”

“పాస్‌వర్డ్ గావాలె. అది ఆమెకే ఎరుక.”

“సైటోళ్లకు ఫోన్ కొట్టు. మొగడు అడుగుతున్నడని చెప్పు.”

“వాళ్లు ఒకరిది ఒకరికి ఇయ్యరన్నా.”

“మొగనికి గూడనా?”

“మొగనికి గూడ.”

గోపాలు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“ఈ కుర్చీలకెల్లే రెక్కవట్టి గుంజుకపోయిన ఒకనాడు. ఆడదానికి బజార్ల లెక్కలేందని. నువ్వున్నవ్ గద?”

“ఉన్న.”

“నాలుగు తగిలిచ్చి, ఇల్లు కదలొద్దన్న. ఇనలే. నా మాటింటే రేవుకు పోకపోయేది. బతికుండేది.” తెర మీది ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. “నాకు మిగిలింది గా పేరొక్కటే. గదీ లేకుంట చేసినవ్.”

లోపలి నుంచి జావీద్ తల్లి సకీనా వచ్చింది. “గోపాలూ, పిల్లగాడు తెలివిలేక చేసిండు. మాఫ్ చెయ్ బిడ్డా.”

“మాఫా? నీ కొడుకుని మట్టి చేసేనాడు గూడ నేను రాను.”

“అంత మాటనకు.”

“అంటనే ఉంట.” గోపాలు కుర్చీని తన్నాడు. అది గోడకు తగిలి పడింది. “అది ఇయ్యాల నిజంగ సచ్చింది. దాని మాట ఇగ నేనెత్తను. నా ముంగట ఎవడెత్తినా పండ్లు రాలగొడ్త.”

రోడ్డు దాటి ఆటో ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సకీనా కుర్చీ లేపి నిలబెట్టింది. కొడుకు వైపు తిరిగింది.

“సిగ్గు లేదారా నీకు? పెండ్లాం పోయి ఏడ్చేటోని ముంగట, చూసే నొక్కిన అంటవా? ఆ పేరు ఉంటే నీ సొమ్మేం పోయింది?”

జావీద్ కంప్యూటర్ ఆపేశాడు.

“పాపం తగుల్తదిరా. ఆని మీద పగనా నీకు?”

“పగ లేదు అమ్మీ.”

“మరెందుకు తీసినవ్?”

జావీద్ వాకిట్లోకి పోయి చూశాడు. గోపాలు ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా ఆగాడు. వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

“ఒక్కపాలి చెప్త. మళ్ల చచ్చేదాక నన్నడగకు. నేను చెప్ప.”

“చెప్పు.”

“పొద్దున తెరిస్తే ఆఖరి తేదీ మారింది. నిన్న ఆమె ఇంకేడనో కూసోని కొత్త పాఠం చదివింది.”