ఒప్పుకున్నదెవరు?

మున్సిపాలిటీ బోర్డు దించడానికి వేసిన నిచ్చెనను నాగేశ్వరప్రసాద్ రెండు చేతులా పట్టుకుని కదలనివ్వలేదు.

"ఎవర్నడిగి దించుతున్నారయ్యా?"

"ఇవాళ్టి నుంచి మన లంకపేట సిటీలో కలిసిపోయిందండి చైర్మన్ గారూ. ఇక మనకి మున్సిపాలిటీ లేదండి," అన్నాడు మేనేజర్ సురేంద్ర, నసుగుతూ.

ఊరంతా చైర్మన్ గారనే పిలిచే నాగేశ్వరప్రసాద్‌కి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నాలుగేళ్లుగా ఆయన ఊ అనందే ఊళ్లో వీధి దీపం వెలిగింది లేదు. అలాంటిది ఏకంగా ఊరే పరాయి పంచన చేరిపోవడమేమిటి?

"మన కౌన్సిల్ ఒప్పుకోకుండా ఎలా కలుపుతారు?"

"ఒప్పుకుందండి. శ్రావణమాసం మీటింగులో."

"అప్పుడు నేను పెనుగొండలో అమ్మవారి పూజలో ఉన్నాను కదా. నేను లేకుండా మీటింగేంటి?"

"వాయిదా వెయ్యడానికి లేదని పైనుంచి గట్టిగా చెప్పారండి."

నాగేశ్వరప్రసాద్ కౌన్సిలర్ వీరబాబుకి ఫోన్ చేశాడు. అవతల వీరబాబు కూడా తెల్లబోయాడు.

"అదేంటండి, మీ ఇష్టప్రకారమే జరిగిందనుకుంటున్నాం మేమంతా."

తన ఇష్టం తనకే తెలియకుండా ఎప్పుడు జరిగిపోయిందో ఆయనకు అంతుపట్టలేదు. రేపటి నుంచి తనను ఎవరు ఏమని పిలుస్తారో తలుచుకుంటే ఏడుపొచ్చినంత పనైంది. పిచ్చెక్కినవాడిలా ఇల్లు చేరాడు.

వంటింట్లో ఆయన భార్య కన్యకాపరమేశ్వరి కత్తిపీట ముందేసుకుని ములక్కాడలు తరుగుతోంది.

"నా పదవి ఊడిందే. ఎవడో వెనకాల గోతులు తవ్వాడు. వాడెవడో తెలియాలి నాకు."

"ఎవరో కాదండి, నేనే," అందామె తలెత్తకుండా.

"నువ్వా? నువ్వేం చేశావు?"

"లేడీస్ సీటని నన్ను నిలబెట్టి గెలిపించింది మీరే కదండీ. ఆ రోజు మీరు ఊళ్లో లేరని చైర్మన్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. అటూ ఇటూ ఓట్లు సమానమయ్యాయి. 'అమ్మా, మీరేమంటారు' అని నాలుగేళ్లలో మొదటిసారి నన్నడిగారండి. మీ చైర్మన్‌గిరీ వదిలిపోతుందని, కలిపెయ్యమన్నాను."