బ్యాటరీకి పూచీ

"ఫ్యూజా? అది పిరికివాళ్లకి వదినా," అన్నాడు మా మరిది, బ్యాటరీ తీగను నేరుగా ఇన్వర్టర్‌కి బిగించడానికి సిద్ధమవుతూ. నాలుగు వీడియోలు చూసి సర్వజ్ఞుడైపోయాడు మహానుభావుడు.

"సోలార్ ప్యానెళ్లు బిగించినాయన ఫ్యూజు తప్పనిసరి అన్నాడుగా? బ్యాటరీ గాలాడే చోట పెట్టమన్నాడుగా?"

"వాడి మొహం! ఏమీ కాదు, పూచీ నాది." బ్యాటరీని అత్తయ్య మంచం పక్కకి నెట్టాడు. ఆ గదికి కిటికీ అయినా లేదు.

"అంత ధైర్యమైతే మీ గదిలోనే పెట్టుకో."

"పసిపిల్ల పడుకునే గదిలోనా? బుద్ధుండే మాట్లాడుతున్నావా వదినా!"

మంచం మీద అత్తయ్య లేచి కూర్చుంది. తర్వాత దిండు చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"నేను మనవరాలి దగ్గర పడుకుంటా. నువ్వు దీని పక్కన పడుకో నాయనా. పూచీ నీదేగా!"