జెండాకు ముద్దు

ఐదు కార్లు గోధుమచేను తొక్కుకుంటూ వచ్చి ఐజాక్ వెడెల్ ఇంటి ముందు ఆగాయి. ఇరవై మంది దిగారు. మధ్యాహ్నం మూడు గంటలు. కాన్సాస్ ఎండ నెత్తి మాడుస్తోంది.

అందరికంటే ముందు దిగినవాడు రే హోల్డెన్. వీధి తలుపు తన్నబోయిన క్రౌలీని ఆపి, తను పెరటివైపు నుంచి వెళ్లాడు. కుక్క మొరగలేదు. తోకాడిస్తూ కాళ్లకు అడ్డం పడితే బూటుతో పక్కకు నెట్టాడు. నిమిషం తిరక్కుండా ముసలాయన్ని మెడ పట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. లోపల ముసలామెను గదిలో పెట్టి గొళ్లెం వేశాననీ, ఆడమనిషి జోలికి ఎవడు పోయినా ఊరుకోననీ చెప్పాడు.

అది 1918. జర్మనీతో యుద్ధంలో అమెరికా కుర్రాళ్లు ఫ్రాన్స్‌లో చస్తున్నారు. వెడెల్ లాంటి మెనొనైట్ శాఖ క్రైస్తవులు మాత్రం తుపాకీ ముట్టబోమన్నారు. ఏ దేశపు జెండాకూ మొక్కబోమన్నారు. పైగా ఇళ్లలో జర్మన్ మాట్లాడతారు. పోయిన వారం టౌను వాళ్లు వచ్చి వెడెల్ గడ్డికొట్టానికి జెండాను మేకులేసి కొట్టి వెళ్లారు. ముసలాయన మేకులు ఊడబీకి, జెండాను దుప్పటిలా నాలుగు మడతలు పెట్టి, రోడ్డు పక్క స్తంభం మీద ఉంచాడు.

అదీ అతని నేరం.

క్రౌలీ తమ్ముడు మే నెలలో ఫ్రాన్స్‌లో పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. ఇప్పుడు క్రౌలీ చేతిలో కొత్త తాడుంది. కొట్టం చూరుకు గడ్డిమోపులు పైకి లాగే కప్పీ ఉంది. రెండింటినీ అందరూ చూశారు.

"ముందు తారు," అన్నాడు రే. "తాడేస్తే రెండు నిమిషాల్లో పోతాడు. అంత సుఖంగా పోనిస్తామా?"

నవ్వులు లేచాయి. రే టౌనుకొచ్చి మూడేళ్లే అయింది, అంతకుముందు ఎక్కడివాడో ఎవరికీ తెలీదు. కానీ ఆయిల్ బావుల దగ్గర అతనంత మొరటు మనిషి లేడని పేరు.

తారు డబ్బాను పొయ్యి మీద పెట్టిందీ అతనే. చిక్కగా ఉంటే ఒంటికి పట్టదని అందులో బోలెడంత నూనె గుమ్మరించాడు. ముసలాయన చొక్కా చించాడు. బెల్టు ఊడదీసి వీపు చిట్లేదాకా వాయించాడు. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎదురు తిరగడం వాళ్ల మతంలో లేదు. పచ్చి గాయాల మీద తారు పడ్డప్పుడు మాత్రం పశువులా మూలిగాడు.

తలగడలు చించి ఈకలు చల్లారు. గుడ్డెప్పుడు పెడతావని ఒకడు అడిగాడు.

"చాల్లే, పదండి. వీడింకో నెల మంచం దిగడు," అన్నాడు రే.

క్రౌలీ కదల్లేదు. తలొంచుకుని తాడుకు ముడి వేస్తున్నాడు.

"నీకు చాలేమో. మా తమ్ముడికి చాల్లేదు."

రే కాసేపు అతని వేళ్లకేసి చూశాడు. తర్వాత కారు దగ్గరికి వెళ్లి జెండా తెచ్చి, ఓ ఖాళీ పీపా మీద పరిచాడు. జెండాను ముద్దు పెట్టుకున్నవాణ్ణి ఈ కౌంటీలో ఇంతవరకు ఎవరూ ఉరి తీయలేదనీ, ముందు ఆ ముచ్చట కూడా కానిచ్చి, పెట్టనంటే అప్పుడు క్రౌలీ ఇష్టమనీ అన్నాడు. పద్ధతి పద్ధతేనని మిగతావాళ్లు తలాడించారు.

ముసలాయన్ని పీపా ముందు మోకాళ్ల మీద కూచోబెట్టారు.

"పెట్టు తాతా, ఓ పనైపోతుంది," అన్నాడొకడు.

"అది గుడ్డ," అన్నాడు ముసలాయన. "నేను దేవుడికి తప్ప మొక్కను. మీ మీద నాకు కోపం లేదు."

"విన్నారుగా," అన్నాడు క్రౌలీ. తాడు ముసలాయన మెడలో పడింది. రెండో కొసను కప్పీ మీదుగా విసిరారు. నలుగురు దాన్ని పట్టుకున్నారు.

రే వంగి ముసలాయన చెవిలో ఏదో అన్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. రే మళ్లీ ఏదో అన్నాడు. తల మళ్లీ అడ్డంగానే ఊగింది.

కప్పీ కిర్రుమంది.

రే పక్కవాడి తుపాకీ లాక్కున్నాడు. తిరగేసి, దాని మడమతో ముసలాయన తల వెనక ఒక్క పోటు పొడిచాడు. మొహం వెళ్లి పీపా మీద పడింది. పళ్లు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. రే అతని జుట్టు పట్టుకుని, మూతిని జెండాకేసి అదిమి పెట్టాడు. తెల్ల చారలు కూడా ఎర్రబడేదాకా వదల్లేదు.

"పెట్టాడు," అన్నాడు రొప్పుతూ. "అందరూ చూశారుగా. పెట్టాడు."

ఒకడు పకపకా నవ్వాడు. ఇంకొకడు చప్పట్లు కొట్టాడు. తాడు పట్టుకున్న నలుగురూ వదిలేశారు. క్రౌలీ రే వైపు చాలాసేపు చూసి, నేల మీద ఉమ్మేసి, కారెక్కాడు.

తన కారు ఇంజన్లో నీళ్లు పోసుకుని వెనకే వస్తానన్న రే ఒక్కడే మిగిలాడు. దుమ్ము అణిగేదాకా కదల్లేదు. తర్వాత ముసలాయన మెడలోంచి తాడు తీశాడు. వంటింట్లోంచి పందికొవ్వు డబ్బా తెచ్చి, అతని కళ్ల మీది తారు తుడవసాగాడు.

ముసలాయన రెండు పళ్లు ఉమ్మేసి, కళ్లు తెరిచి, అతని మొహంలోకి చూస్తూ అన్నాడు:

"ఇవాళ ఇక్కడికి వచ్చిన ప్రతివాణ్ణీ క్షమించానురా, నాచేత దానికి ముద్దు పెట్టించిన నా కన్నకొడుకుని తప్ప."