పక్కింటి ‘నింగి దొంగలు’

ఎగిరే పళ్ళేల్లో వచ్చినవాళ్ళు మనుషుల్ని ఎత్తుకుపోవడం, ఆ సంగతిని సర్కారు దాచిపెట్టడం. ‘నింగి దొంగలు’ సీరియల్ మూడు తరాలుగా ఇదే కథతో నడుస్తోంది. అమ్మల కాలంలో ఊరంతా ఒకే భాగం చూసి, మర్నాడు గోడకు అటూ ఇటూ నిలబడి వాదించుకునేది. ఇప్పుడు ఏ ఇంటి టీవీ ఆ ఇంటిని కనిపెట్టి చూసి, వాళ్ళకు తగ్గ కథ తనే అల్లుతోంది.

ఒక్కతే ఉండే సుభాషిణి సీరియల్లో నాయనమ్మ కోసం ఇంటిల్లిపాదీ ఏడేళ్ళు వెతికారు. నిన్ననే ఆవిడ దిగివచ్చింది. ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలనిపించి, దోసావకాయ గిన్నె పట్టుకుని పక్క ఫ్లాట్ మంగతాయారు తలుపు తట్టింది.

“మా నాయనమ్మను వదిలేశారు వదినగారూ! మరి మీ దాంట్లో ఎవర్ని ఎత్తుకుపోయారు?”

మంగతాయారు గిన్నె అందుకుని నవ్వింది. “మా ఇంట్లో అందరూ క్షేమమేనండి. పక్క ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ఆవిణ్ణి పట్టుకుపోయారు. మూడు నెలలైనా ఒక్కరూ గమనించలేదు. సర్కారుకి దాచాల్సిన పనే పడలేదంటే చూడండి!”

సుభాషిణికి ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “తిరిగొచ్చిందా?”

“ఏమోనండి. ఆవిడ కనిపించినప్పుడల్లా నేను రిమోట్ నొక్కి కథ ముందుకు జరిపేస్తుంటాను.”