కిటికీకి కట్టిన డాంగిల్

టైలరమ్మ సూది తీసుకుని ఫోన్‌ను నాలుగు వైపులా గుచ్చి చూసింది. సిమ్ము పెట్టే అర ఎక్కడా తెరుచుకోలేదు.

లాడ్జి కౌంటరు మీదున్న ఫోన్‌లో కోడలి మీద విరుచుకుపడింది.

"ఇందులో సిమ్మే లేదే!"

"మీది ఈ-సిమ్ అత్తయ్యా. ఫోన్ లోపలే ఉంటుంది. కంటికి కనబడదు, చేతికి రాదు."

"చేతికి రానిదాన్ని నువ్విచ్చిన రౌటర్లో ఎలా పెట్టను?"

"పెట్టలేరు. ఫోన్‌కి సిగ్నలుంటే దాన్నుంచే రౌటర్‌కి నెట్ ఇవ్వొచ్చు."

"సిగ్నలే ఉంటే పొద్దున్నే నీ ప్రాణం ఎందుకు తీస్తాను?"

అప్పటికి తొమ్మిదింబావు.

నిన్న సాయంత్రం వంతెన మీదికి నీళ్ళొచ్చి బస్సు ఆగిపోయింది. ప్రయాణికులంతా ఈ లాడ్జిలో దిగారు. ఆమె వెళ్తున్నది చదరంగం ఫైనల్‌కి. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్ పక్కన బల్ల వేసుకుని, జాకెట్ల కోసం వచ్చినవాళ్ళందరినీ ఓడిస్తూ వచ్చింది. పెద్ద పోటీలో ఇంతదూరం రావడం ఇదే మొదలు.

రాలేనివారు ఉన్నచోటు నుంచే ఆన్‌లైన్లో ఆడవచ్చన్నారు నిర్వాహకులు. పదింటికి లైన్లోకి రాకపోతే మాత్రం ఓడినట్టే.

లాడ్జిలో వైఫై ఉందని బోర్డు ఉంది. బోర్డు మాత్రమే ఉంది.

"డాంగిల్ ఉందా అమ్మా మీ దగ్గర?"

వెనక్కి తిరిగింది. టీ గ్లాసుతో గళ్ళ చొక్కా ఆయన. అరవై దాటి ఉంటాయి. నిన్నటి బస్సులోనే ముందు సీట్లో కూర్చున్నారు.

"అదేంటి అన్నయ్యగారూ?"

ఆయన జేబులోంచి బొటనవేలంత వస్తువు తీశారు.

"ఇందులో సిమ్ముంది. దీన్ని మీ రౌటర్‌కి గుచ్చితే చాలు. మీ కంపెనీకి ఇక్కడ టవర్ లేదు. నాది వేరే కంపెనీ, కాస్త పట్టుకుంటోంది."

"మరి మీకు?"

"రౌటర్ ఉన్నదే పదిమందికి పంచడానికి. నేను పక్క గదే. గోడ దాటి వచ్చేస్తుంది."

గదిలోకి వచ్చి డాంగిల్ గుచ్చారు. ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది.

"దీనికి కరెంటు చాలట్లేదు." తన ఛార్జర్ తెచ్చి మార్చారు.

ఈసారి వెలిగింది గానీ సిగ్నల్ రాలేదు. కిటికీ దగ్గర పెడితే ఒక గీత. చెయ్యి బయటపెడితే మూడు గీతలు.

"రెండు గంటలు ఇలాగే చెయ్యి చాపుకుని నిలబడాలి కాబోలు" అన్నారాయన.

ఆమె పకపకా నవ్వి, సంచిలోంచి గుడ్డముక్క చించింది. ఛార్జర్ వైరు పొడుగ్గా లాగి డాంగిల్‌ను రౌటర్‌తో సహా కిటికీ ఊచకు కట్టేసింది. పచ్చ దీపం వెలిగింది.

"ముడి గట్టిగా వేశారు!"

"నా బతుకంతా దారమే కదండీ. మీ కఫ్‌కి గుండీ ఊడింది, ఏదీ ఆ చెయ్యి ఇటివ్వండి."

ఆయన ఒక చెయ్యి ఆమె సూదికి అప్పగించి, రెండో చేత్తో ఆమె ల్యాప్‌టాప్‌లో రౌటర్ పేరు వెతికారు.

"ఇంత ఓపికేమిటి మీకు?"

"వాచీలు బాగుచేస్తానమ్మా. ఓపిక లేకపోతే అన్నం పుట్టదు."

తెర మీద పోటీ పేజీ తెరుచుకుంది. ఆమెది ఏడో నంబరు, సిద్ధం. పన్నెండో నంబరు, ఇంకా రాలేదు.

ఆయన ఒక్క క్షణం దాన్నే చూశారు.

"చదరంగమా?"

"ఫైనలండీ. పదింటికి నేను కనబడకపోతే, ఆ పన్నెండో నంబరువాడు కాలు మీద కాలేసుకుని గెలిచేస్తాడు."

"ఆడకుండా గెలిస్తే ఏం రుచమ్మా!" అంటూ లేచారు. "బాగా ఆడండి. నాకూ పదింటికి చిన్న పనుంది."

ఆట మొదలైంది.

పన్నెండో నంబరు మామూలు ఘటం కాదు. ఇరవయ్యో ఎత్తుకల్లా ఆమె మంత్రి పోయింది.

"నీ గుర్రం కుంటిదైపోను!" అని లాడ్జి అంతా వినబడేలా తిట్టింది.

తిట్టినా ఆనందంగానే ఉంది. ఇంత గట్టివాడితో ఆమె ఎన్నడూ ఆడలేదు. పోయిన మంత్రిని మరిచిపోయి, ఒక్క బంటును పట్టుకుని అంగుళం అంగుళం నడిపించింది. నెట్ ఒక్కసారి కూడా తెగలేదు. పన్నెండున్నరకు ఆ బంటు చివరి గడిలో అడుగుపెట్టి మంత్రి అయింది.

పన్నెండో నంబరు ఓటమి ఒప్పుకున్నారు.

ఆమె కేకపెట్టి, కోడలికి వాట్సాప్ కాల్ చేసి ఆటంతా ఎత్తు ఎత్తునా చెప్పి, ఆ తర్వాత పక్క గదికి పరిగెత్తింది. ఖాళీ.

"నీళ్ళు తగ్గాయమ్మా" అన్నాడు మేనేజరు. "ఇంటివైపు బస్సు కదులుతుంటే ఎక్కేశారు."

"అయ్యో, డాంగిల్ నా కిటికీకే ఉండిపోయిందే!"

"కావాలనే వదిలారు. రెండింటికి మీకు బహుమతి కాల్ ఉందట కదా, మధ్యలో పీకితే ఎలా అన్నారు."

ఆ కాల్ సంగతి ఆయనకెప్పుడు చెప్పిందో ఆమెకు గుర్తు రాలేదు. రిజిస్టర్ తిరగేస్తే సంతకం కోడిగీతల్లా ఉంది. పేరు పోల్చుకోలేకపోయింది.

సరిగ్గా రెండింటికి నిర్వాహకుడు తెర మీదికొచ్చి చప్పట్లు కొట్టాడు.

"అదరగొట్టారమ్మా! ఆ మారుమూల అంత మంచి నెట్ ఎలా దొరికింది?"

"పక్క గది అన్నయ్యగారి పుణ్యం బాబూ. పేరు తెలీదు. థాంక్స్ చెప్పకముందే వెళ్ళిపోయారు."

నిర్వాహకుడు చప్పట్లు ఆపాడు.

"మీ ఇద్దరి ఆటలూ ఒకే డాంగిల్ మీద వస్తాయి, మోసమనుకోవద్దని ఆట మొదలయ్యే ముందే నాకు ఫోన్ చేసి చెప్పారమ్మా, ఆ పన్నెండో నంబరాయన."